గోడ మింగిన పిలుపు

"కూల్చే గోడకి కొలతలెందుకండి?" అంది లోవలక్ష్మి.

ఇంజినీరు సూర్యతేజ టేపు చివర గోడకు ఆనించాడు. నూట ముప్పై ఏళ్ల నాటి మున్సిఫ్ కోర్టు అది. కోర్టు కొత్త భవనంలోకి మారి ఆరేళ్లయింది. పాతదాన్ని బాగుచేసి ఉంచాలో, పడగొట్టాలో అతను సాయంత్రంలోగా రాసివ్వాలి. పడగొట్టమని వెళ్లిన అర్జీలో మొదటి సంతకం లోవలక్ష్మిది. రెండోది ఆమె పక్కనే నిలబడ్డ బుల్లియ్యది. ఇదే కోర్టులో బంట్రోతుగా చేసి రిటైరై, ఇప్పుడు వేణుగోపాలరాజుగారి రొయ్యల చెరువుల మీద పెత్తనం చేస్తున్నాడు.

"గానుగ సున్నం. ముప్పై అంగుళాల మందం. ఇలాంటి గోడ ఇప్పుడెవరూ కట్టలేరు," అన్నాడు సూర్యతేజ.

"ఆ మందమే మా నాన్నని తినేసింది."

కోపంగానే జరిగింది చెప్పింది. వలలు ఆరేసుకునే దిబ్బ గురించి ఆమె తండ్రి పల్లంరాజుకీ వేణుగోపాలరాజుగారికీ దావా. వాయిదా రోజున ముందు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తారు. రాకపోతే దావా పోయినట్టే. చేపల వాసనంటూ పల్లెవాళ్లను ముందు వరండాలో కూర్చోనిచ్చేవారు కాదు. ప్లీడరు వేరే కోర్టులో చిక్కుబడ్డాడు. పల్లంరాజు పొద్దుటి నుంచీ పడమటి వరండాలో మూడో స్తంభం దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం వెళ్లి అడిగితే అంతా అయిపోయిందన్నారు. యానాంలో తాగి పడిపోయుంటాడని సొంత పల్లే వెలేసినట్టు చూసింది. పిలుపు వినబడలేదని పోయేదాకా చెప్పాడు. నమ్మింది బుల్లియ్య ఒక్కడే.

"ముమ్మారూ పిలిచానండి, నరాలు తెగేలా," అన్నాడు బుల్లియ్య. "గోడ మింగేసింది. ఇరవై ఆరేళ్లుగా ఈ అమ్మాయికి అదే చెబుతున్నాను. కూల్చెయ్యమని రాసెయ్యండి."

సూర్యతేజ తలెత్తి చూశాడు. చూరు కింద, గోడ పొడవునా గుండ్రటి కన్నాలున్నాయి.

"గాలి కోసం పెట్టారు," అన్నాడు.

"పావురాల కోసమేమో," అంది లోవలక్ష్మి. "మీకు గోడ ముద్దు. మనుషులెందుకులెండి."

"గోడ తప్పని రాయాలంటే నా చెవులతో వినాలి కదండి. ఒక్కసారి పిలిచి చూద్దాం."

తనకిప్పుడు గొంతు లేదన్నాడు బుల్లియ్య. అయినా పిలుపులతో తేలేదేముంటుందని విసుక్కున్నాడు.

"నేనే పిలుస్తాను. ఏ పేరు?"

"సంగాడి పల్లంరాజు," అంది లోవలక్ష్మి. "ఎంత గట్టిగా అరుస్తారో అరవండి. సాయంత్రం రాసేటప్పుడు మాత్రం మాట మార్చకండి."

చెంగు బిగించి, భవనం చుట్టూ తిరిగి పడమటి వరండాకు వెళ్లింది.

ఆమె వెళ్లి కూర్చునేంత సేపు ఆగి, సూర్యతేజ ముందు గుమ్మంలో నిలబడ్డాడు. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. అతను అరవలేదు. పక్కగదిలో మనిషిని పిలిచినట్టు పిలిచాడు, ఒక్కసారి.

కాసేపు చూసి రెండోసారి పిలవబోతుంటే, బుల్లియ్య చెప్పులు వేసుకుని గబగబా మెట్లు దిగుతున్నాడు.

ఆ ఒక్క పిలుపుకే లోవలక్ష్మి అప్పటికే వచ్చి మెట్ల కింద నిలబడి ఉంది.