కనబడని తలుపు

ఆ రోజుల్లో జాతీయ ఉద్యానవనాల్లో కట్టే సందర్శక కేంద్రాలేవీ కంటికి కనబడేవి కావు. ఎదురుగా ఏ చెట్లుంటే గోడలు అచ్చం ఆ చెట్లలాగే మారిపోయేవి. అందుకే అలాంటి ఒక కేంద్రంలో ఊడ్చే గంగులమ్మ రోజూ పొద్దున్నే తలుపు ముందు ముగ్గేసేది. ఆ ముగ్గు చూసుకునే జనం లోపలికి వచ్చేవారు.

తనిఖీకొచ్చిన ఆర్కిటెక్టు ప్రద్యుమ్న ముగ్గు చూసి మండిపడ్డాడు. "కట్టడం అడవిలో కలిసిపోవాలి. ఇంకోసారి ఇక్కడ గుర్తు కనబడిందంటే నీ ఉద్యోగం ఉండదు."

"అలాగేనండి," అని గంగులమ్మ ముగ్గు కడిగేసి, లోపలికెళ్లి టీ పెట్టుకుంది.

ఆయన ఫొటో కోసం నలభై అడుగులు వెనక్కి నడిచాడు. తిరిగొచ్చేసరికి ఎటు చూసినా టేకు చెట్లే. ఇంతలో వాన మొదలైంది. ఆయన ఒక్కో చెట్టునూ తడుముకుంటూ రావడం లోపలివైపు అద్దంలా ఉండే గోడలోంచి గంగులమ్మకు చక్కగా కనబడుతూనే ఉంది.

"గంగులమ్మా, తలుపు తియ్యి."

"గడియ వెయ్యలేదండి. తోసుకుని వచ్చెయ్యండి."

"ఎక్కడ తొయ్యాలి?"

"తలుపునండి."

ఆయన ఇంకో రెండు టేకు చెట్లను తోసి చూశాడు. "సరే, ఆ ముగ్గేదో వెయ్యి," అన్నాడు చివరికి.

గంగులమ్మ టీ ఊదుకుంటూ వాన వంక చూసింది.

"తడిలో ముగ్గు నిలవదండి. తెరిపిచ్చాక వేస్తాను."