రెండో సాక్షి

“ఈ రెండో సాక్షి మీకేమవుతారు?” పెళ్లి రిజిస్టరు నకలు మీద వేలు పెట్టి అడిగారు ఫాదర్.

“ఏమీ అవరు ఫాదర్,” అన్నాడు లిఫ్టు మెకానిక్.

“ఏమీ కాని మనిషి పెళ్లికి సాక్షా?”

“నా స్నేహితుడు పెట్టాల్సిన సంతకం. వాడి రైలు లేటు. మా పెళ్లి చేసిన ఫాదర్ వరండాలోకి వెళ్లి, చర్చి ఆఫీసు ముందు నిలబడ్డ ఒకాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. పెయింటరు. చొక్కా నిండా రంగు మరకలు.”

“అరువు సాక్షి అని పేరు పెట్టాం,” అంది అతని భార్య.

ఒక్క క్షణం ఇద్దరికీ నవ్వొచ్చింది. వెంటనే చెరోవైపు చూశారు.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఆమెది రాత్రి డ్యూటీ, అతనిది పగలు. మూడేళ్లు ఫ్రిజ్ మీది చీటీలతోనే సంసారం నడిచింది. ‘పాలు లేవు.’ ‘పాపకు జ్వరం, మందు వేశాను.’ తర్వాత చీటీలూ ఆగిపోయాయి.

ఏడాదిగా చెరో ఇంట్లో ఉంటున్నారు. పాప ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ.

ఇప్పుడు అసలు ఆ పెళ్లే చెల్లదని తేల్చమంటూ చర్చి న్యాయస్థానం మెట్లెక్కారు.

“చర్చి పెళ్లిని రద్దు చెయ్యదమ్మా,” అన్నారు ఫాదర్. “మొదటి రోజునే అది పెళ్లి కాలేదని రుజువైతే, కాలేదని చెబుతుంది. అంతే.”

“కాలేదు ఫాదర్. మా నాన్న బలవంతం మీద పీఠం ముందు నిలబడ్డాను. ఇష్టమేనా అని మూడుసార్లు అడిగారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. మొదటి సాక్షి మా అక్కే. కావాలంటే దాన్ని అడగండి.”

“అక్క మీ మనిషి. ఎవరి మనిషీ కాని ఆయన మాట తీసుకురండి.”

రిజిస్టరులో ఉన్న చిరునామా పట్టుకుని ఇద్దరూ అతని వ్యానులో బయలుదేరారు.

“ఎడమకి తిప్పు.”

“తెలుసు.”

“తెలిస్తే ఒకే సందులోకి రెండుసార్లు ఎందుకొచ్చాం?”

“నువ్వు పక్కనుంటే నాకు కుడి ఎడమలు తెలియవు. పదకొండేళ్లుగా ఇదే వరస.”

ఎలాగో ఇల్లు దొరికింది. లోపల ఒక్కో గోడకు ఒక్కో రంగు. పనుల్లో మిగిలిన డబ్బాలన్నీ అక్కడే ఖాళీ చేసినట్టున్నారు. ఒక పెద్దావిడ తలుపు దగ్గరికి వచ్చింది.

“పెయింటరుగారు ఉన్నారా అమ్మగారూ? పదకొండేళ్ల కిందట మా పెళ్లికి సాక్షి సంతకం పెట్టారు.”

ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

“మీరేనా! ఇన్నాళ్లకా రావడం? ఆయన పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు.”

ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు.

“రండి, లోపలికి రండి. ఆ పచ్చ గోడకి మాత్రం ఆనుకోకండి, ఇప్పటికీ అంటుకుంటుంది. ఏం కలిపారో ఏమో మహానుభావుడు!”

“మేం మీకెలా తెలుసు?” కుర్చీ అంచున కూర్చుంటూ అడిగింది టెక్నీషియన్.

“తెలియకపోవడమేం? ఏటా మీ పెళ్లిరోజున మీ ఇద్దరి పేరున చర్చిలో పూజ పెట్టించేవారు. ‘సంతకం పెట్టినవాణ్ణి, పట్టించుకోకపోతే ఎలాగే’ అనేవారు. మీ ఇల్లు ఎక్కడో తెలీదు కాబట్టి బతికిపోయారు. తెలిస్తే వచ్చి మీ వంటగదికి కూడా రంగు వేసిపోయేవారు.”

“నేను ఏడ్చిన సంగతి చెప్పారా?”

“చెప్పకేం! మూడుసార్లు అడిగించుకున్నావట కదా.”

మెకానిక్ గబుక్కున పెన్ను తీశాడు. “ఆ ముక్క నేను రాస్తే, కింద మీరు సంతకం పెడతారా అమ్మగారూ?”

“రాయి నాయనా. మిగతాది కూడా రాయి మరి.”

“మిగతాదా?”

“పెళ్లికొడుకు ఉండబట్టలేక, ‘ఆగండి ఫాదర్. తనకి ఇష్టం లేకపోతే ఈ పెళ్లి వద్దు. వాళ్ల నాన్నకి నేను సర్దిచెబుతాను’ అన్నాడట. అనడమే కాదు, నిజంగానే మెట్లు దిగబోయాడట. అప్పుడు ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుని ఆపి, వెనక వరస దాకా వినపడేలా ‘నాకిష్టమే’ అందట. ఈ కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.”

పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

“అలా అన్నానా నేను?”

“అన్నావు,” అంది భార్య, అతని వైపు చూడకుండా.

“మరి ఫాదర్‌కి చెప్పలేదేం?”

“నువ్వు మర్చిపోయావని ఎప్పుడో అర్థమైంది. నాకొక్కదానికే గుర్తుంటే ఏం లాభం?”

 అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

“ఇవాళ డ్యూటీ ఎన్నింటికి?”

“ఎనిమిదింటికి.”

“నేను దింపుతాను. పాపని కూడా తీసుకొస్తాను. ముందు ఎక్కడైనా కూర్చుని ముగ్గురం భోంచేద్దాం.”

 ఆమె తల ఊపింది.

గుమ్మం దాటబోతూ ఆగి, పెద్దావిడ చేతులు పట్టుకుంది.

“పాపం, ఆ రోజు మావల్ల ఆయన పని చెడింది. చర్చికి రంగులు వేయడానికే కదా వచ్చింది?”

పెద్దావిడ నవ్వింది.

“పనెక్కడిది తల్లీ! నన్ను వదిలించుకోవడానికి కోర్టులో కేసు వేద్దామని మా పెళ్లి సర్టిఫికెట్టు కోసం ఆ ఆఫీసుకి వెళ్లిన మనిషి, మీ పెళ్లికి సంతకం పెట్టి, సర్టిఫికెట్టు మాట అడక్కుండానే ఇంటికొచ్చేశారు.”