మరుపు చెయ్యి

"ఇవాళ నువ్వు చెయ్యి పెట్టు. నా వల్ల కాదు," అంది తెరేస, గేటు వైపు ఒక్కసారి చూసి.

అమల తన అరచెయ్యి చూసుకుంది. అరచేతిలో వేడి పుట్టి పట్టుమని పదిరోజులు కాలేదు. పధ్నాలుగో ఏడు వచ్చిన ఆడపిల్లకి ఆ ఇంట్లో అలా పుడుతుంది. నాయనమ్మ సంపూర్ణమ్మకి పుట్టింది, మూడేళ్ళ కిందట అక్క తెరేసకి పుట్టింది. ఆ చేత్తో నుదురు ముట్టుకుంటే, పోయినవాళ్ళ కోసం ఏడ్చే మనిషి ఏడుపు ఆగిపోతుంది. ఎందుకు ఆగదు, పోయిన మనిషే గుర్తుండకపోతే? పేరు, మొహం, పుట్టుక, చావు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఈ ఇంటికి వచ్చిన సంగతి కూడా గుర్తుండదు. ఒక రాకకి ఒక్క మనిషినే తుడవగలరు.

తుడిచినవి గాలిలో కలిసిపోవు. ముట్టుకున్న పిల్ల లోపలికొచ్చి కూర్చుంటాయి. డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చాక, గుణదల కొండ ఎక్కి మేరీమాతకి మొక్కుకున్నవాళ్ళలో కొందరు దిగి నేరుగా వీళ్ళింటికే వస్తున్నారు. మూడు నెలల్లో తెరేస సగమైంది. పదిహేడేళ్ళ పిల్ల నలభై ఏళ్ళ మనిషిలా నడుస్తోంది. ఈమధ్య అన్నం కలిపితే రెండు చిన్న ముద్దలు కంచం అంచున పెడుతోంది. ఎవరికే అని అడిగితే బిక్కమొహం వేస్తోంది. పేటలో అందరూ దీన్ని వరమంటారు. ఇలాంటి వరం పగవాళ్ళకి కూడా వద్దని అమల రోజూ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటోంది.

గేటు తీసుకుని ఒకామె లోపలికొచ్చింది. ముప్పై దాటి ఉండవు. ఒంటిమీద సహాయ శిబిరంలో పంచిన ముతక చీర. వచ్చినవాళ్ళంతా వీధి తలుపు కొట్టి నిలబడతారు. ఈమె మాత్రం తిన్నగా పెరటి వసారాలోకి వచ్చి చాప మీద కూర్చుంది.

"కాఫీ తాగదు. మజ్జిగ ఇవ్వు," అని గొణిగి తెరేస తలుపు చాటుకు వెళ్ళిపోయింది.

అక్కకి బద్ధకం కూడా మొదలైందని అమల ఉడుక్కుంది. మజ్జిగ తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎవరండీ పోయింది?"

"నా కొడుకమ్మా, హనుమ. పదకొండేళ్ళు. మా ఆయన నిరుడే పోయాడు. ఇక నాకున్నది వాడొక్కడే," అంది ఆవిడ. పేరు సుబ్బరత్నం, దివిసీమలో ఏదో లంక ఊరు. "నేను తుమ్మకొమ్మ దొరకబుచ్చుకుని బతికాను. వాడూ బతకాల్సినోడే. తాటిచెట్టు ఎక్కడంలో మా ఊళ్ళో వాణ్ణి మించినోడు లేడు. కానీ చంకల్లో పిల్లలున్నారంట."

"పిల్లలా?"

"ఇద్దరు. నాలుగేళ్ళ పిల్లోడొకడు, పాలు మానని చంటిదొకతె. చెరో చంకనా ఎత్తుకున్నాడంట. చెట్టు పట్టుకోవాలంటే ఎవరో ఒకర్ని వదిలెయ్యాలి గదా. వదల్లేదంట. ముగ్గురూ పోయారు."

"ఎవరి పిల్లలండీ?"

"అదే తెలీటం లేదు తల్లీ. ఊళ్ళో ఎవర్నడిగినా నోరు మెదపరు. తల దించుకుని పోతారు." ఆవిడ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసింది. "వాళ్ళని కన్నది ఎక్కడుందో. నా బిడ్డ పేరు చెప్పి ఒక్క కన్నీటి బొట్టన్నా రాల్చిందో లేదో. కనబడితే మొహం మీదే అడుగుతాను."

అమలకి ఏడుపొచ్చింది. చెట్టెక్కడం అంత బాగా వచ్చిన పిల్లాడు, చేతులు ఖాళీ లేక చచ్చిపోయాడు. ఆ పిల్లాడు ఇంకాసేపట్లో తన లోపలికొచ్చి కూర్చుంటాడు. తను ముసలిదై పోయేదాకా పదకొండేళ్ళవాడుగానే ఉండిపోతాడు. భయంతో ఒళ్ళు చల్లబడినా, అరచెయ్యి మాత్రం కాలుతూనే ఉంది.

చెయ్యి పెట్టబోయే ముందు ఉన్న సంగతి చెప్పి తీరాలని నాయనమ్మ నియమం. అమల తడబడుతూ చెప్పింది.

సుబ్బరత్నం వెనక్కి జరిగింది. "అంటే, వాడు నా కడుపున పుట్టనే లేదనుకుంటానా?"

"అనుకోవడం కూడా ఉండదండీ. అసలు తలపుకే రాడు."

ఆవిడ గ్లాసు ఎత్తి మిగిలిన మజ్జిగ తాగేసింది. తర్వాత కొంగు దోపుకుని లేచింది.

"వద్దులే అమ్మా. ఉప్పెన ఒకసారి తీసుకుపోయింది, రెండోసారి నేను పంపనా? ఏడుస్తూ అయినా వాణ్ణి తలుచుకునే బతుకుతాను. బిడ్డని మర్చిపోటానికి ఒప్పుకునే తల్లి ఉంటదా ఎక్కడన్నా?"

ఉంటారు. ఆ చాప మీదే ఎంతమందో ఒప్పుకున్నారు. ఆ మాట అమల పైకి అనలేదు. గండం తప్పిందని మనసులో ఎక్కడో తేలికపడింది, వెంటనే అలా తేలికపడ్డందుకు తనని తనే అసహ్యించుకుంది. సుబ్బరత్నం మజ్జిగ గ్లాసు కడిగి బోర్లించి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తలుపు చాటున తెరేస మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"తల్లంటే ఆవిడే అక్కా," అంది అమల నిష్ఠూరంగా. "నువ్వేమో వచ్చి మొహం కూడా చూపించలేదు."

అమల ఆమె పక్కనే చతికిలబడింది.

"ఆ పిల్లల తల్లి బతికే ఉంటే ఆవిడ కూడా ఇక్కడికే వచ్చేదేమో."

"వచ్చింది," అంది తెరేస తల ఎత్తకుండానే. "క్రిస్మస్‌కి ముందు చంటిదాని కోసం ఒకసారి. జనవరిలో పిల్లాడి కోసం ఇంకోసారి. ఇద్దర్నీ నాకిచ్చి వెళ్ళింది."

"వెళ్ళి సుఖంగా ఉందన్నమాట. వాళ్ళ కోసం ఇంకొకరి బిడ్డ ప్రాణం పోయిందని ఆవిడకి తెలియాలి గదా. ఎక్కడుంటుంది?"

తెరేస కళ్ళు తుడుచుకుని గేటు వైపు చూసింది.

"ఇప్పుడే వెళ్ళింది."