ఎర్రది నీకు, తెల్లది నాకా?

"ఎర్ర పువ్వు నువ్వు పెట్టుకుని, తెల్లది నాకు చేస్తున్నావా? మా అమ్మ బతికే ఉందే!"

గరిటె పట్టుకుని మీదికొచ్చింది బాలామణి. వంటింట్లో కింద చతికిలబడ్డ లియెన్ తలెత్తలేదు. ఒళ్లో టిష్యూ కాగితాలు, కత్తెర. గుండెల మీద పిన్నుతో గుచ్చుకున్న ఎర్ర కాగితం గులాబీ. చేతిలో తయారవుతున్నది మాత్రం తెల్లది.

రియాద్‌లో ఆ ఇంటికి పనివాళ్లు వీళ్లిద్దరే. బాలామణిది రాజోలు. లియెన్‌ది వియత్నాంలో సైగాన్ పట్నం. ఒకరి భాష ఒకరికి రాదు. కష్టసుఖాలైనా కొట్లాటలైనా వచ్చీరాని అరబ్బీలోనే.

అసలే ఈ పిల్లతో బాలామణికి చచ్చే చావు. పున్నమికీ అమావాస్యకీ నీచు ముట్టనంటుంది, కోళ్లు కడిగే పనంతా ఈవిడ నెత్తిన పడుతుంది. ఇక ఈ పువ్వుల గోలైతే నాలుగు రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. వాళ్ల ఊళ్లో ఏడో నెల పున్నమి అమ్మల పండగట. ఊరు ఊరంతా మోటారు సైకిళ్లెక్కి బుద్ధుడి గుళ్లకి పోతుందట. గుమ్మంలో పళ్లాలు పట్టుకున్న ఆడపిల్లలు "మీ అమ్మ ఉందా?" అని అడిగి మరీ పువ్వు గుచ్చుతారట. ఉంటే ఎర్రది, పోతే తెల్లది.

"ఇక్కడ గుడి లేదుగా అక్కా, నీకూ నేనే చేసి పెడతా" అంది నిన్న. ఇదా చేసిపెట్టడం!

"చెప్పవే! పొద్దున ఏదో ఫోనొచ్చింది. మేడమ్ నిన్ను లోపలికి పిలిచి తలుపేసింది. అప్పట్నుంచి ఒక్క గిన్నె కడగలేదు నువ్వు. ఏం చెప్పింది?"

లియెన్ కత్తెర ఆడిస్తూనే ఉంది.

"మా తమ్ముడా చేసింది?"

లియెన్ ఇంకో తెల్ల కాగితం మడిచింది.

బాలామణి గరిటె గట్టు మీద పడేసింది. అమ్మ ఆస్పత్రిలో పడి వారం పైనే అయింది. ఎప్పుడడిగినా "బానే ఉందిలే" అంటాడు తమ్ముడు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి చావు కబురు ఎవడు చెబుతాడు? పని వదిలేసి పరిగెత్తుకొస్తారని దాస్తారు. పక్కింట్లో చేసే చిట్టెమ్మకి తండ్రి పోయిన సంగతి దినం కూడా అయిపోయాకే తెలిసింది.

పొయ్యి కట్టేసి, గదిలోకెళ్లి అలమర్లోంచి ఫోను లాగి, వీడియో కాల్ కొట్టింది.

"అమ్మకివ్వు."

"పడుకుంది" అన్నాడు తమ్ముడు.

"లేపు."

"ఇప్పుడే మాత్రేసుకుందే..."

"లేపుతావా, లేదా? మొహం చూపించు నాకు!"

తెర మీద ముందు ఫ్యాను కనబడింది. తర్వాత గోడ. తర్వాత ఎవరిదో చెయ్యి.

"కునుకు పట్టే వేళకి ఏంటే నీ గోల? చచ్చాననుకున్నావా?" అమ్మ గొంతు ఖంగుమంది.

బాలామణి బావురుమంది. అమ్మ ఇంకో నాలుగు తిట్టి పెట్టేసింది. అన్ని తిట్లు తిట్టిందంటే మనిషి గుండ్రాయిలా ఉన్నట్టే.

భయం పోయింది, ఒళ్లుమంట మిగిలింది. విసవిసా వంటింట్లోకొచ్చి లియెన్ చేతిలోంచి ఆ తెల్ల పువ్వు లాక్కుంది.

"మా అమ్మకేం కాలేదు! ఇప్పుడే నన్ను కడిగేసింది కూడాను. పండగపూట నా ప్రాణాలు తోడేశావు కదే పాపిష్టిదానా! నోట్లో నాలుక లేదా నీకు? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? చేసిన పువ్వు ఎలాగూ చేశావు. ఎవరికి పెడతావో పెట్టు, చూస్తాను!"

లియెన్ లేచి నిలబడింది. తన గుండెల మీది ఎర్ర గులాబీకి పిన్ను తీసి, బాలామణి చున్నీకి గుచ్చింది. తెల్లదాని కోసం చెయ్యి చాపింది.

"పొద్దున వచ్చిన ఫోను సైగాన్ నుంచి అక్కా."