కిటికీ సందులో పుల్ల

వంటింటి కిటికీ మళ్ళీ తెరిచి ఉంది.

బ్రోనా సంచి కింద పడేసి దగ్గరికి వెళ్ళింది. పొద్దున కాలేజీకి వెళ్ళేముందు తనే గట్టిగా మూసి, అంచులకు టేపు అంటించి మరీ వెళ్ళింది. ఇప్పుడా టేపు చిరిగి వేలాడుతోంది. అరచెయ్యి పట్టేంత సందు. అది మూసుకుపోకుండా అన్నం తినే పుల్ల ఒకటి అడ్డం పెట్టి ఉంది.

చైనాలో, నదికి దక్షిణాన ఉన్న చిన్న ఊరది. ఇళ్ళను వెచ్చబెట్టే సర్కారు వేడినీళ్ళ గొట్టాలు ఉత్తరాది వాళ్ళకే గాని ఇక్కడి వాళ్ళకు లేవు. ఐర్లండు నుంచి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన బ్రోనా క్లాసులో కూడా చేతులకు తొడుగులు తియ్యదు. సాయంత్రమైతే చలి దూరే సందులు వెతికి మూయడమే పని. ఒంటికి వెచ్చదనం తెలిసేది ఒక్క స్నానం చేసేటప్పుడే. వంటింటి గోడకున్న గ్యాసు గీజరు భగ్గున వెలిగితే ప్రాణం లేచొచ్చేది.

"పుల్ల పెట్టిపోయే దొంగను నేనెక్కడా చూళ్ళేదు," నవ్వాడు పక్క ఫ్లాటు క్వబెనా. అతనిది ఘనా. ఆ కాలేజీలోనే టీచరు. "దొంగయితే కిటికీ దగ్గర వేలాడదీసిన ఎండు మాంసం వదిలిపెడతాడా?"

"నీకు నవ్వులాటగా ఉంది. ఎవరో నా ఇంట్లోకి చూస్తున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు."

మర్నాడు కాలేజీ నుంచి పెందలాడే వచ్చి, స్నానం కానిచ్చి, తలుపు వెనక నిలబడింది.

వంటింటి బయటి వరండాలో గుడ్డ బూట్ల చప్పుడు. కిటికీ కిర్రుమంది.

ఒక్క ఉదుటున తలుపు లాగింది.

తెల్ల జుట్టు, నీలం దూది కోటు. ఎవరో ముసలావిడ. ఊచల్లోంచి చెయ్యి పెట్టి కిటికీ జరుపుతోంది.

"ఏం చేస్తున్నారు?" వచ్చిన కాస్త చైనీసులోనే అరిచింది బ్రోనా.

ఆవిడ బెదరలేదు. "గాలి రావాలి పిల్లా. ఎందుకలా బిగించేస్తావ్?"

"నాకు చలి!"

"చలేస్తే ఇంకో కోటు తొడుక్కో." ఆవిడ చెయ్యి చాచి బ్రోనా తల తడిమింది. "తడి జుట్టు! అన్నీ మూసుకునే స్నానం చేశావా? మాట వినవేం?"

బ్రోనా ఆ చెయ్యి విదిలించేసింది. ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఇదే గోల. చన్నీళ్ళు తాగకు, తడి తలతో పడుకోకు, పల్చటి మేజోళ్ళు వేసుకోకు. కూరలమ్మే ఆవిడ నుంచి క్లాసులో పిల్లల దాకా అందరూ చెప్పేవాళ్ళే.

కానీ ఈవిడ చూపు వేరు. అది బ్రోనా భుజం మీదుగా ఇంట్లోకి పోయింది. మూసి ఉన్న స్నానాలగది తలుపు మీద ఆగిపోయింది.

బ్రోనా గుమ్మానికి అడ్డంగా జరిగింది.

"వెళ్ళండి! మళ్ళీ వస్తే ఊరుకోను!"

"వెళ్తాలే. పుల్ల మాత్రం తియ్యకు తల్లీ."

తలుపు వేసుకోగానే ఆ పుల్ల తీసి చెత్తబుట్టలో పడేసింది.

విదేశీ టీచర్ల బాగోగులు చూసేది ఫంగ్ గారు. పొద్దున్నే ఆయన ఆఫీసుకు వెళ్ళింది.

"ఏమైనా పోయాయా టీచరుగారూ?"

"ఏం పోలేదు. భయంగా ఉంది. ఆవిడ ఇలాగే వస్తుంటే నేను మా దేశం వెళ్ళిపోతాను."

"మనిషి ఎలా ఉంటుంది?"

చెప్పింది.

టీ కప్పు మూత తియ్యబోతున్న ఫంగ్ గారి చెయ్యి ఆగింది.

"ఆవిడకు మనసు కాస్త చెదిరింది. మీరు పట్టించుకోకండి. గేటు దగ్గరే ఆపిస్తాను."

"ఇంతకీ ఎవరావిడ?"

"ఎవరో ఒకరు లెండి. టీ తాగండి, చల్లారిపోతుంది."

ఆ తర్వాత కిటికీ తెరుచుకోలేదు.

ఒకసారి బస్సు దిగుతూ చూసింది. గేటు బయట ఆ ముసలావిడ కాపలావాడితో వాదిస్తోంది. వేలెత్తి పైన కిటికీ చూపిస్తోంది. బ్రోనా తల తిప్పుకుని గబగబా లోపలికి నడిచింది.

మంచు కురిసిన సాయంత్రం టేపు ఇంకో వరస అంటించి స్నానానికి వెళ్ళింది. గీజరు భగ్గుమంది. తల దిమ్మెక్కింది. పరీక్ష పేపర్లు దిద్దిన అలసట అనుకుంది. మోకాళ్ళు మాట వినలేదు. గడియ తీసి వంటింటి దాకా పాకింది. అంతే తెలుసు.

నీళ్ళు ఆగకుండా పడుతున్న చప్పుడు పక్క ఫ్లాటుకు వినిపించింది. పిలిస్తే పలకడం లేదు. క్వబెనా కిటికీ అద్దం పగలగొట్టి, ఊచల్లోంచి చెయ్యి దూర్చి, పక్కనే ఉన్న తలుపు గడియ లాగాడు.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ కోప్పడుతోంది.

"గ్యాసు గీజరు పెట్టుకుని కిటికీ మూసేస్తారా ఎవరైనా? విషం గాలి ఎటు పోవాలి?"

బ్రోనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచం పక్కనున్న ఫంగ్ గారి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆవిడ చెప్పింది ఇదే. ఒక్కసారి పిలిపించండి. ఏ ఫ్లాటు?"

"మన బిల్డింగు కాదు. నది అవతల. రోజూ పడవ మీద వచ్చేది."

"అయితే నేనే వెళ్తాను."

"లేదండీ. గేటు దగ్గర ఆపేశాక కూడా వస్తూనే ఉంది. ఆ చలిలో నిలబడలేక మొన్న పడిపోయింది. తమ్ముడొచ్చి కొండల్లో వాళ్ళ ఊరికి తీసుకుపోయాడు. ఇక రాదు."

"నా కిటికీ కోసం అంత దూరమా? నేనేమవుతాను ఆవిడకు?"

ఫంగ్ గారు లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు. గొంతు తగ్గించారు.

"ఇంట్లో అలాంటిది జరిగిందంటే మావాళ్ళు ఆ గడప తొక్కరు. అందుకే మీకు చెప్పలేదు. మీ స్నానాలగదిలోంచి పోయిన చలికాలం మేము మోసుకొచ్చిన సంగీతం టీచరు తావ్ యున్, ఆవిడ కూతురండీ."