మన బూత్‌ల ఒక్క ఓటు

"మీరే! నా ఇజ్జత్ మట్టిల కలిపింది మీరే!"

కామాటిపుర పదకొండో గల్లీలోని వరుస గదుల ఆ పాత చాల్ వాకిట్లో నిలబడి శివరాం అరిచిన అరుపుకు మూడంతస్తుల వరండాల నుంచీ తలలు బయటికొచ్చాయి. ఓట్ల లెక్కింపు హాలు నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో బూత్ ఓట్ల లెక్క రాసుకున్న చీటీ ఉంది. ఎమ్మెల్యే సీటుకు స్వతంత్రంగా నిలబడటం ఇది ఐదోసారి, ఓడటమూ ఐదోసారే. ఓడి ఇల్లు చేరడం ఆయనకు కొత్త కాదు. ఇంత కోపంతో చేరడమే కొత్త.

"మన బూత్‌ల ఒక్క ఓటు! విన్నరా? ఒక్క ఓటు!"

మెట్ల పక్కన నిలబడ్డ ఆయన భార్య శాంతాబాయి సిరా గీత పడ్డ వేలు కొంగులో పెట్టుకుని తల వంచుకుంది.

కింది అంతస్తు మంగేష్ ముందుకొచ్చాడు. చేతిలో శాలువా, కొబ్బరికాయ. ఓడిన మనిషికి సన్మానం చేద్దామని చాల్ వాళ్ళంతా పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నారు.

"అరే కాకా, మామీద గరమైతవేంది? గణపతి మండపంల మైకు పట్టుకొని చెప్పింది నువ్వే గదా! ఎలక్షన్ లోపట మెట్లు కట్టించినోనికే మన ఓట్లు, కట్టిస్తే నాకు ఒక్కటి గూడ పడొద్దు అంటివి. పాత ఎమ్మెల్యే కట్టించిండు. ఆయనకే ఏసినం. ఆయనే గెలిచిండు. మా తప్పేంది?"

"అదే చెప్తున్న, మీరు..."

"ఆగు కొడకా. ముందుగాల నేను చెప్పాలె."

పైనుంచి బాలమ్మ గొంతు. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలామె. చెక్క మెట్లు విరిగాక రెండేళ్ళు మూడో అంతస్తు దిగలేదు. ఒక్కసారి దవాఖానకు పోవాల్సొస్తే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఇప్పుడు ఇనుప కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, తనంతట తాను దిగుతోంది. కిందికి వచ్చి శివరాం ముందు నిలబడింది.

"నువ్వు మొదటిసారి నిలవడ్డప్పుడు ఓడినవ్, మాకు నల్లా వచ్చింది. తర్వాతసారి ఓడినవ్, సండాసులకు తలుపులొచ్చినయ్. మధ్యల ఏమొచ్చిందో యాదికి లేదు గని..."

"గటర్, బాలమ్మవ్వా! లైట్లు!" అని పైనుంచి ఎవరో అందించారు.

"ఆఁ, గటర్, మోరి నీళ్ళు పోయెటందుకు. లిస్టుల నీ పేరు కనవడితె చాలు, మా ఓట్లు నీకు పోతయని పెద్ద పార్టీలోళ్ళకు గుబులు, ఏదో ఒకటి చేసిపెడ్తరు. గెలిచినోళ్ళు మమ్ముల మర్చిపోయిన్రు. ఓడినోనివి, నువ్వే మర్చిపోలే." ఆమె శివరాం చెంపలు నిమిరి మెటికలు విరిచింది. "నా కొడుకులే నా మాట వినరు. ఈ చాల్ అంత ఒక్క మనిషి మాట విన్నదంటే నీదే బిడ్డా. ఇంగ దేనికి కోపం?"

మంగేష్ శాలువా విప్పి కప్పబోయాడు. శివరాం దాన్ని విసురుగా తోసేశాడు.

"శాలు తర్వాత! ఓట్లు తక్కువ పడ్డయని ఎవడన్నడు? ఒకటి ఎక్కువ పడ్డదంటున్న!"

అందరూ మొహాలు చూసుకున్నారు.

"ఎమ్మెల్యే ఇంటికి పోయి మాటిచ్చిన. మెట్లు కట్టు, మా బూత్‌ల నాకు సున్నా వస్తదన్న. సున్నా వస్తే వానలొచ్చే లోపట పైకప్పు గూడ ఏయిస్తనన్నడు. ఇయ్యాల హాల్ల అందరి ముంగట భుజం మీద చెయ్యేసి నవ్విండు. శివరామ్‌జీ, సున్నా అంటివి గదా, ఇదేంది అని! నేనేం చెప్పాలె?"

"ఆ ఒక్కటి నీదే అయి ఉంటది కాకా," అన్నాడు మంగేష్ మెల్లగా.

"నాదెట్లయితది? నేను గూడ ఆయనకే ఏసిన!"

ఎక్కడో నల్లా కింద బిందె నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టేయడానికి కదల్లేదు.

"మాట తప్పిందెవరో ముందటికి రావాలె. ఇప్పుడే రావాలె!"

శాంతాబాయి కొంగులోంచి వేలు తీసింది. ఒక్క అడుగు ముందుకేసింది.

"నేనే ఏసిన."

శివరాం గిర్రున ఆమె వైపు తిరిగాడు.

"నీ మాట నాకు యాదికున్నది. మర్చిపోయి ఏసిన అని అబద్ధం చెప్ప. ఇంతమందికి ఇన్ని తెచ్చిన మనిషి పేరు ముంగట సున్నా ఉంటదంటే నా మనసు ఒప్పలే. ఒక్కటన్న ఉండాలె అనుకున్న. నీ గుర్తు మీద ఒత్తిన."

ఆయన కొత్త మెట్టు మీద కూలబడి చీటీని మడిచి మడిచి గోరంత చేశాడు. కళ్ళు మాత్రం భార్య వేలి మీదే ఉన్నాయి.

"నా ఇంట్లనే మాట తప్పితిరి. ఇంగ ఏ ముఖం పెట్టుకొని పైకప్పు అడగాలె?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు.

బాలమ్మ మంగేష్ చేతిలోని శాలువా లాక్కుంది. తీసుకెళ్ళి శాంతాబాయి భుజాల మీద వేసింది.

"నువ్వు అడగకు కొడకా! మాట మీద నిలవడి ఐదుసార్లు ఓడినవ్. మాట తప్పెటోళ్ళే గదా గెలిచేది? వచ్చేసారి నామినేషన్ ఫారం శాంతాబాయి పేరు మీద నింపు!"