ముప్పై చుక్కల కాగితం

"ముప్పయ్యో చుక్క కూడా పడిందిరా!" అంటూ అక్క గుమ్మంలోంచే కేకేసింది.

తమ్ముడు గిన్నెలు తోముతున్నాడు. మోచేతులదాకా సబ్బు నురగ. "తుమ్మెదేదీ?"

"నా వెనకే ఉంది, చెప్పులు విప్పుకుంటోంది. ముందు ఇది విను."

"చదువక్కా."

అక్క గొంతు సవరించుకుంది. "'నెల రోజులుగా రొద సున్నా. చేతులు ఆడించడం సున్నా. పిలిస్తే ఐదు లెక్కపెట్టేంతసేపు కళ్ళలోకి చూడడం, నూటికి నూరు.' ఈ కాగితం చూపిస్తే బళ్ళో సీటు ఖాయం. ఏడేళ్ళొచ్చాయి, ఇంకెన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెడతావు?"

కాగితం తమ్ముడి చేతికిచ్చింది. దాని మీద అంటించిన చుక్కల్ని ఆయన తడి బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. అన్నీ ఒకే సైజు, ఒకే వరస. ముప్పై.

పిల్లకు మాటలు రాలేదు. నడక మునివేళ్ళ మీద, పిల్లి కన్నా మెత్తగా. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆవిడ నడుముకున్న తాళాల గుత్తి ఇల్లంతా గలగలమంటూ తిరిగేది. అది ఆగిపోయిన వారానికి పిల్ల రొద మొదలుపెట్టింది. మూసిన పెదాల వెనక ఒకే స్వరం, నడుస్తుంటే సన్నగా, కూర్చుంటే బరువుగా. ఆయన దగ్గరికెళ్ళి తల మీద చెయ్యేస్తే ఆగేది. చెయ్యి తీసి నాలుగడుగులు వేశాడో, మళ్ళీ మొదలు. అందుకే తుమ్మెద అని పేరు పెట్టుకున్నాడు. ఆఫీసులో పొద్దస్తమానం ఫోనెత్తి జనం ఫిర్యాదులు వినే మనిషి. ఇంటికొచ్చి ఆ రొద వింటే ప్రాణం లేచొచ్చేది.

బడివాళ్ళకు మాత్రం పక్క పిల్లల చదువు పాడవుతుందనిపించింది. మాన్పించి తీసుకురండి అన్నారు. అలా దొరికింది ఈ శిక్షణ కేంద్రం. నోరు మూసుకుంటే బిస్కెట్టు, ఒక చుక్క. రొద చేస్తే, అందబోతున్న బిస్కెట్టు వెనక్కి.

"కుక్కపిల్లకు నేర్పినట్టుందక్కా," అన్నాడు మొదట్లో.

"కుక్కపిల్లకు బళ్ళో సీటిస్తామంటే దానికీ నేర్పిస్తాను," అంది అక్క.

ఒకసారి ఉండబట్టలేక కేంద్రం మేడమ్‌కు ఫోన్ చేశాడు. "అసలు ఎందుకు చేస్తోందో చూశారా అమ్మా?"

"కారణాల జోలికి మేం పోమండీ. అలవాటు వరకే. ఇంట్లో మీరు కూడా పట్టించుకోకూడదు. రొద వినిపిస్తే అటు తిరగొద్దు, ముట్టుకోవద్దు. మీరు మెత్తబడితే మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే."

చెడ్డ గొంతు కాదు. అలిసిపోయిన గొంతు. పెట్టేసే ముందు, "మీ పాప నవ్వు భలే ఉంటుందండీ," అంది. ఆ ఒక్క మాటతో ఆయన వారం రోజులు బతికాడు.

చెప్పినట్టే చేశాడు. రొద ఆయన మోకాలి దాకా వచ్చి నిలబడేది, ఎదురుచూసేది. ఆయన పిడికిళ్ళు బిగించుకుని కూర్చునేవాడు. పోనుపోను దారమంత సన్నబడింది. ఆ తర్వాత మోకాలి దగ్గర ఊపిరి మాత్రం వినిపించేది. ఇప్పుడు అదీ లేదు.

"అక్కా, పగలు మీ ఇంట్లో ఉన్నప్పుడు రొద చేసేదా?"

"ఏనాడూ లేదు! మా ఇంట్లో నోరున్నది మీ బావ ఒక్కడికే. ఇది నీ గడప తొక్కితేనే మొదలెట్టేది. మేడమ్‌కు చెబితే తండ్రి గారాబం అంది."

"కేంద్రానికి నన్నూ ఒకసారి తీసుకెళ్ళమన్నాను. వద్దన్నావు."

"నువ్వొస్తే సవాలక్ష ప్రశ్నలేస్తార్రా. పిల్లనెవరు చూసుకుంటున్నారు, ఎలా చూసుకుంటున్నారు అని. అసలే తల్లి లేని పిల్ల, ఆపైన..." అక్క మాట మింగేసింది. "పోనీలే, గట్టెక్కాం. నా బస్సు టైమైంది. తలుపు దగ్గరికేసి పోతున్నా."

ఆయన ఆఖరి గిన్నె కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు.

"తుమ్మెదా, పాలు తాగుతావామ్మా?"

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

గదిలోకెళ్ళాడు. దుప్పటి చల్లగా ఉంది. మంచం కింద చెయ్యి పెట్టాడు. ఒక చెప్పు, ఒక బంతి.

"తుమ్మెదా!"

అప్పుడు పాదాలకు గాలి తగిలింది. వీధి తలుపు. అక్క ఏనాడు సరిగ్గా వేసింది గనక! గుమ్మం దిగి వీధిలోకి అరిచాడు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎదురింటి దర్జీ కుట్టుమిషను ఆపి, "పాప ఇటు రాలేదండీ, నేనిక్కడే ఉన్నా," అన్నాడు. ఆ దర్జీకి దణ్ణం పెట్టాలనిపించింది.

లోపలికొస్తుంటే స్టూలు మోకాలికి కొట్టుకుంది. నడింట్లో నిలబడిపోయాడు. తాళాల గుత్తి ఆగిన వారానికే ఈ పిల్ల రొద ఎందుకెత్తుకుందో అప్పుడు తట్టింది. ఎవరి కోసం ఎత్తుకుందో కూడా.

"ఒక్కసారి రొద చెయ్యమ్మా," అన్నాడు. "ఎవరికీ చెప్పను. చుక్కలు పోతే పోనీ."

రొద అన్న మాటకు పిల్ల పెదాలు ఇంకాస్త బిగించింది. కేంద్రంలో ఆ మాట తర్వాతే బిస్కెట్టు వెనక్కి పోయేది. ఇంతసేపూ ఆయన ఏ గదికి పోతే ఆ గదికి మునివేళ్ళ మీద వెంట వచ్చింది. ఇప్పుడు రెండడుగుల దూరంలో, ఎదురుగానే, చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడింది. పిలిచిన ప్రతిసారీ నేర్పినట్టే తలెత్తి, ఐదు లెక్కపెట్టేంతసేపు, నాన్న కళ్ళలోకి సూటిగా చూసింది.

ఆయన కళ్ళకు చూపు లేదు.